జేబు చాకుల సేకరణ: బ్లేడు ఆకారం చదవడంతో మొదలుపెట్టండి

జేబు చాకులు సేకరించాలని మొదలుపెట్టేవారిలో ఎక్కువమంది ముందు కంపెనీ పేరు చూసి కొంటారు, కొన్న తర్వాత చేతిలో ఉన్నది ఏమిటో తెలుసుకునే ప్రయత్నం చేస్తారు. ఈ వరుసను తిరగేయమని మిమ్మల్ని కోరుతున్నాను. ముందు బ్లేడు ఆకారాన్ని చదవడం నేర్చుకోండి, పేర్లూ ముద్రలూ ఆ తర్వాత. బ్లేడు ఆకారం రెండు సంగతులు చెబుతుంది. ఆ చాకును ఏ పని కోసం తయారుచేశారన్నది ఒకటి, కర్మాగారం దాటిన రోజు నుంచి ఇవాళ్టి వరకు దానికి ఏం జరిగిందన్నది రెండోది. ఈ రెండో సంగతి చదవలేనివారు అరిగిపోయిన చాకుకు కొత్త చాకు ధర చెల్లిస్తారు. నేనూ ఒకసారి అలా చెల్లించాను, ఆ సంగతి దాని చోట చెబుతాను.

ఇక్కడ నేను మాట్లాడేది పాతకాలపు మడత చాకుల గురించి మాత్రమే. ఇంగ్లండులోని షెఫీల్డ్, జర్మనీలోని సోలింగెన్, అమెరికాలో పెన్సిల్వేనియా, న్యూయార్క్ రాష్ట్రాల చిన్న పట్టణాలు వీటికి పుట్టిళ్లు. వీటిలో చాలావాటికి తాళం ఉండదు. వెన్నులో ఉన్న ఉక్కు స్ప్రింగు ఒత్తిడే బ్లేడును తెరిచినప్పుడు తెరిచినట్టు, మూసినప్పుడు మూసినట్టు పట్టి ఉంచుతుంది. ఈ ఏర్పాటును స్లిప్‌జాయింట్ అంటారు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే కత్తులు ఈ కోవలోకి రావు. వాటి జోలికి పోవద్దు.

ముందుగా భాగాల పేర్లు

ఒక మడత చాకును చేతిలోకి తీసుకుని బ్లేడును సగం తెరవండి. మీ గోరు పట్టిన చిన్న గాడి గోటిగాడి. పదునుగా ఉన్న అంచును మన పాతవారు వాదర అన్నారు, దానికి ఎదురుగా ఉన్న మందమైన అంచు వెన్ను, చివర మొన. పిడిలోకి దిగిపోయే మందపాటి భాగం బ్లేడు మొదలు, కంపెనీ ముద్ర సాధారణంగా అక్కడే ఉంటుంది. పిడికి రెండు చివర్లా మెరిసే లోహపు తొడుగులు బోల్‌స్టర్లు, లోపల స్ప్రింగుకు అటూ ఇటూ ఉండే పల్చటి రేకులు లైనర్లు. ఇవి చాలావరకు ఇత్తడివి. పిడి మధ్యలో పొదిగిన చిన్న లోహపు బిళ్లను షీల్డు అంటారు. ఈ మాత్రం తెలిస్తే అమ్మేవారితో మాట్లాడడానికి సరిపోతుంది.

బ్లేడు ఆకారాలను పని ద్వారా గుర్తుపెట్టుకోండి

బొమ్మలు చూసి బట్టీపట్టిన ఆకారాలు వారం రోజుల్లో కలగాపులగం అయిపోతాయి. ఏ ఆకారం ఏ పని కోసం పుట్టిందో తెలుసుకుంటే మాత్రం మరచిపోరు. అందువల్ల కాస్త తీరిగ్గా ఒక్కొక్కదాన్నీ చూద్దాం.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది క్లిప్ పాయింటు. దీని వెన్ను మొదట నేరుగా సాగి, మొన దగ్గరకు వచ్చేసరికి ఒక ముక్క కత్తిరించి తీసేసినట్టు లోపలికి వంగుతుంది. ఆ కోత వల్ల మొన సన్నబడి, గుచ్చడానికీ సూక్ష్మమైన పనికీ పనికొస్తుంది, వాదర చివర ఉన్న వంపు తోలు ఒలవడానికి ఉపయోగపడుతుంది. ఆ కోత పొడవుగా, దాదాపు బ్లేడు సగం నుంచే మొదలైతే దాన్ని కాలిఫోర్నియా క్లిప్ అంటారు. ఒకే కంపెనీ చేసిన రెండు చాకుల్లో కూడా ఈ కోత పొడవు మారుతుంది కాబట్టి, కొలత మీద దృష్టి పెట్టడం మొదటి నుంచీ అలవాటు చేసుకోండి.

స్పియర్ పాయింటు పేరుకు తగ్గట్టే బల్లెం మొనలా ఉంటుంది. వెన్నూ వాదరా రెండూ సమానంగా వంగి మధ్యలో కలుస్తాయి. దీన్నే చిన్నదిగా చేసి చాకుకు రెండో బ్లేడుగా పెడితే అది పెన్ బ్లేడు. ఈ పేరు వెనక ఒక కాలం దాగి ఉంది. ఉక్కు పాళీలు రాకముందు పక్షి ఈకలతో రాసే రోజుల్లో, ఈక మొనను మళ్లీ మళ్లీ చెక్కుకోవడానికి రాతగాళ్లు చిన్న చాకును దగ్గర ఉంచుకునేవారు. మనం ఇప్పటికీ పెన్ నైఫ్ అంటున్న మాటలో ఆ ఈక కలమే ఉంది.

షీప్స్‌ఫుట్ బ్లేడుకు వాదర నేరుగా గీత గీసినట్టు ఉంటుంది, వెన్ను చివరకు వచ్చి గుండ్రంగా కిందికి దిగి వాదరను కలుస్తుంది. గుచ్చుకునే మొన లేకపోవడమే దీని గుణం. గొర్రెల గిట్టలు చెక్కేటప్పుడు జంతువు కదిలినా గాయం కాదు. ఊగే ఓడ మీద నావికులకు కూడా ఇదే కారణంగా ఇది నచ్చింది. తాడు మీద వాదరను ఆనించి, వెన్ను మీద కొయ్య సుత్తితో కొట్టి తాడును తెంపేవారు. షెఫీల్డ్‌లో దీనికి లాంబ్స్‌ఫుట్ అనే చెల్లెలు ఉంది. దానిలో వెన్ను కూడా నేరుగానే ఉండి, చివరి వైపు వాదరకు మెల్లగా దగ్గరవుతూ వచ్చి, ఆఖర్న ఒక్కసారిగా దిగుతుంది.

వార్న్‌క్లిఫ్ బ్లేడును చాలామంది షీప్స్‌ఫుట్‌తో పొరబడతారు. వాదర రెండింటిలోనూ నేరుగానే ఉంటుంది. వార్న్‌క్లిఫ్‌లో మాత్రం వెన్ను చాలా ముందు నుంచే వాలుతూ వచ్చి సూది లాంటి మొనలో ముగుస్తుంది. కొయ్య బొమ్మలు చెక్కేవారికి ఇంతకంటే మంచి బ్లేడు లేదని నా నమ్మకం, ఎందుకంటే కోతలోని బలమంతా మొన దగ్గరకే చేరుతుంది. ఒక ఇంగ్లిషు ప్రభువు బిరుదు మీదుగా ఈ పేరు వచ్చింది, షెఫీల్డ్‌కు చెందిన జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ దీన్ని వ్యాప్తిలోకి తెచ్చింది.

స్పే బ్లేడు చూడడానికి అందంగా ఉండదు గాని కథ ఉన్న బ్లేడు. వాదర చాలా దూరం నేరుగా సాగి, చివర్లో చటుక్కున పైకి తిరిగి మొండి మొనతో ముగుస్తుంది. పశువుల మందలు పెంచేవారు కోడెదూడల వృషణాలు తొలగించడానికి దీన్ని వాడేవారు. మన పల్లెల్లో విత్తులు కొట్టడం అనే పనికి అక్కడ ఇది పరికరం. పొరపాటున జంతువు దేహంలోకి దిగబడకూడదు కాబట్టి మొన మొండిగా ఉంచారు. కొన్ని పాత చాకుల్లో ఈ బ్లేడు మీద మాంసానికి మాత్రమే అనే అర్థం వచ్చే ఇంగ్లిషు మాటలు చెక్కి ఉంటాయి. తాళ్లకూ కర్రలకూ వాడి ఈ బ్లేడు పదును పాడుచేయవద్దని రైతుకు చేసిన హెచ్చరిక అది.

మిగిలినవాటిని త్వరగా చెబుతాను. కోపింగ్ బ్లేడు సన్నని షీప్స్‌ఫుట్ లాంటిది, చివర గుండ్రంగా కాక కోణంగా తెగి ఉంటుంది. ప్రూనర్ బ్లేడు కొడవలిలా లోపలికి వంగి కొమ్మలు కోయడానికి పనికొస్తుంది. పంచ్ అనేది కోతకు కాదు, తోలు పట్టీలకు బెజ్జాలు పెట్టడానికి.

ఇవన్నీ ఒక కాగితం మీద మీ చేత్తో గీయండి. నేను పెన్సిలుతో గీసిన మొదటి పది బొమ్మల్లో మూడు తప్పు. వెన్ను ఎక్కడ వంగుతుందో సరిగా చూడలేదని గీసినప్పుడే తెలిసింది.

మొదటి చాకుగా మూడు బ్లేడుల స్టాక్‌మన్ కొనండి

బ్లేడులను ఏ ఏ కలయికల్లో, ఏ పిడి ఆకారంలో అమర్చారన్నదాన్ని బట్టి చాకుకు ఒక నమూనా పేరు వస్తుంది. క్లిప్, స్పే బ్లేడులు రెండూ ఒకే వైపు నుంచి తెరుచుకుంటే, మూసినప్పుడు 4 1/8 అంగుళాల పొడవు ఉంటే అది ట్రాపర్. బోల్‌స్టరు పొడవుగా, పిడిలో మూడో వంతు దాకా ఆక్రమించి ఉంటే బార్లో. అరచేతిలో దాగిపోయే 2 7/8 అంగుళాల చిన్న చాకు పీనట్. నాలుగు బ్లేడులతో, వెన్ను వైపు లోపలికి వంగిన పిడితో ఉన్నది కాంగ్రెస్. ఇక స్టాక్‌మన్‌లో క్లిప్, షీప్స్‌ఫుట్, స్పే మూడూ ఉంటాయి. అంటే ఒక్క చాకు కొంటే పైన చెప్పిన మూడు ముఖ్యమైన ఆకారాలు పక్కపక్కన మీ చేతిలో ఉంటాయి. అందుకే మొదటిది ఇదే కావాలంటున్నాను.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇది కష్టం కాదు. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో కేస్ కంపెనీ ఇప్పటికీ స్టాక్‌మన్ చేస్తోంది. ధర ఎక్కువనిపిస్తే చైనాలో తయారై అమెరికాలో అమ్ముడయ్యే రఫ్ రైడర్ చాకులు నేర్చుకోవడానికి బాగానే సరిపోతాయి. వాటి అమరిక ఆ ధరకు మించిన నాణ్యతతో ఉంటుంది. భారతదేశంలో ఉన్నవారు ఫ్రాన్సుకు చెందిన ఒపినెల్‌తో మొదలుపెట్టవచ్చు. జోసెఫ్ ఒపినెల్ 1890లో సవోయ్ కొండ ప్రాంతంలో ఈ చాకును రూపొందించాడు, తిప్పితే బ్లేడు కదలకుండా బిగిసే లోహపు ఉంగరం 1955లో వచ్చింది. ఇది స్లిప్‌జాయింట్ కాదు, స్ప్రింగే లేదు. అయినా తుప్పుపట్టే రకమైన కార్బన్ ఉక్కు బ్లేడు ఎలా ప్రవర్తిస్తుందో ఇంత తక్కువ ఖర్చులో నేర్పే చాకు మరొకటి లేదు.

సంస్మరణ సంచికలు, సంఖ్య వేసి పెట్టెలో పెట్టి అమ్మే ప్రత్యేక చాకులు మొదటి రెండేళ్లు కొనవద్దని నా గట్టి సలహా. వాటిని చూడడం తప్ప తెరవడానికి కూడా మనసొప్పదు. తెరవని చాకు మీకు ఏమీ నేర్పదు.

ముద్ర చదవడం

ఇప్పుడు పేర్ల దగ్గరకు వద్దాం. బ్లేడు మొదలు మీద ఉన్న ముద్రను భూతద్దంతో చూడండి. కేస్ కంపెనీ చాకుల సేకరణ ఇంతగా వ్యాపించడానికి ఒక కారణం, ఆ ముద్ర నుంచి తయారీ సంవత్సరం కచ్చితంగా తెలుసుకునే వీలుండడమే. 1920 నుంచి 1940 వరకు ముద్రలో టెస్టెడ్ అనే మాట ఉండేది. 1940 నుంచి 1964 వరకు కేస్ ఎక్స్‌ఎక్స్ అని మాత్రమే ఉంటుంది. 1965 నుంచి దాని కింద అమెరికాలో తయారైనట్టు చెప్పే మాటలు చేరాయి. 1970లో ఆ ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏటా ఒక్కో చుక్క తీసేస్తూ వచ్చారు. కాబట్టి ఆ దశాబ్దపు చాకుకు 1980లోంచి చుక్కల సంఖ్యను తీసివేస్తే సంవత్సరం వస్తుంది. ఏడు చుక్కలుంటే 1973, ఒక్కటే ఉంటే 1979. 1980లో ఎస్ అక్షరాన్ని మెరుపు గీతలా మార్చి, మళ్లీ పది చుక్కలతో మొదలుపెట్టారు. మెరుపు ఎస్ ఉన్నచోట 1990లోంచి తీసివేయాలి.

కేస్ చాకుల మీద అంకెలు కూడా ఉంటాయి. ఉదాహరణకు 6318 అని ఉందనుకోండి. మొదటి అంకె పిడి పదార్థం, 6 అంటే ఎముక. రెండో అంకె బ్లేడుల సంఖ్య, ఇక్కడ 3. మిగిలిన 18 నమూనా సంఖ్య, 3 5/8 అంగుళాల స్టాక్‌మన్. అదే చాకు పసుపు ప్లాస్టిక్ పిడితో వస్తే 3318 అవుతుంది. 6254 అంటే ఎముక పిడి, రెండు బ్లేడులు, 54వ నమూనా అయిన ట్రాపర్. అంకెల తర్వాత సీవీ అని ఉంటే క్రోమ్ వెనేడియం ఉక్కు, అంటే తుప్పుపట్టే రకం. ఎస్‌ఎస్ అని ఉంటే స్టెయిన్‌లెస్.

ఇంగ్లిషు చాకుల కాలనిర్ణయం ఇంత సులువు కాదు గాని ఒక మంచి ఆధారం ఉంది. దిగుమతి వస్తువు మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో మెకిన్లీ సుంకాల చట్టం తెచ్చింది. కాబట్టి అమెరికాకు వెళ్లిన చాకు మీద ఇంగ్లండ్ అనో జర్మనీ అనో దేశం పేరు ఉంటే అది చాలావరకు 1891 తర్వాతిది. ఈ సూత్రాన్ని తలకిందులుగా వాడవద్దు. దేశం పేరు లేనంత మాత్రాన అది పాతదని అనుకోరాదు, ఎందుకంటే అమెరికాకు వెళ్లని చాకులకు ఈ నియమం వర్తించదు. విక్టోరియా రాణి పేరు పొడి అక్షరాలు, కిరీటం గుర్తు ఉంటే 1901కి ముందుదని చాలాసార్లు ఊహించవచ్చు. సోలింగెన్ పేరుకు 1938 నుంచి చట్టరక్షణ ఉంది. ఫ్రాన్సులోని లాయోల్ పేరుకు మాత్రం చాలాకాలం అలాంటి రక్షణ లేకపోవడం వల్ల ఎవరు ఎక్కడ చేసినా ఆ పేరు వేసుకున్నారు. స్ప్రింగు మీద తేనెటీగ బొమ్మ ఉన్నంత మాత్రాన అది ఆ ఊరిదని నమ్మవద్దు.

బ్రిటిష్ కాలంలో షెఫీల్డ్ చాకులు మన దేశానికి విరివిగా వచ్చాయి. తాతల నాటి చెక్కపెట్టెల్లో, పాత రాతబల్లల సొరుగుల్లో నక్షత్రం, మాల్టీస్ శిలువ (నాలుగు చేతులూ సమానంగా ఉండి, చివర్లు వెడల్పయ్యే శిలువ) గుర్తులున్న చిన్న చాకు కనిపిస్తే దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టండి. ఆ రెండూ కలిసి ఉన్నది జోసెఫ్ రాడ్జర్స్ గుర్తు. దాన్ని తోమవద్దు, సానపెట్టించవద్దు.

కొనేముందు చేతిలో పరీక్ష

సంతలోనైనా ప్రదర్శనలోనైనా, యజమాని అనుమతి అడిగి ఈ వరుసలో చూడండి. మూసి ఉన్నప్పుడు ప్రతి బ్లేడు మొన లైనర్ల మధ్య దాగి ఉందా, వేలికి తగులుతోందా? లైనర్లకూ స్ప్రింగుకూ మధ్య వెలుతురు కనిపిస్తోందా? తర్వాత బ్లేడును మెల్లగా తెరవండి. స్ప్రింగు బాగుంటే తెరిచే దారంతా వేలికి ఒత్తిడి తెలుస్తుంది, చివరకు టక్కుమనే శబ్దంతో స్థిరపడుతుంది. సేకర్తలు ఈ శబ్దానికి చాలా విలువ ఇస్తారు, నాకైతే అది పాత చాకు నాడి లాంటిది. తెరిచిన బ్లేడును రెండు వేళ్ల మధ్య పట్టి పక్కలకు కదిపి చూడండి. అతి స్వల్పంగా కదిలితే వయసు, గలగలా కదిలితే లోపం. పిడిలోని చీలల చుట్టూ వెంట్రుకంత పగుళ్లున్నాయేమో కూడా చూడండి.

ఇక అసలైన పరీక్ష బ్లేడులను ఒకదానితో ఒకటి పోల్చడం. పాత చాకు వాడుకలో అన్ని బ్లేడులూ ఒకేలా అరగవు, ప్రధాన బ్లేడే ఎక్కువ అరుగుతుంది. సేకర్తల మధ్య వాడుకలో ఉన్న లెక్క ప్రకారం ఎన్నడూ వాడనిది, సానపెట్టనిది మింట్, బ్లేడు అరుగుదల పదో వంతు లోపుంటే ఎక్సలెంట్, నాలుగో వంతు వరకు ఉంటే వెరీ గుడ్, సగం పోయి ఉంటే ఫెయిర్. ఈ వంతులను అమ్మేవారి మాట మీద ఒప్పుకోకండి. అదే నమూనా పాత కేటలాగు బొమ్మను పక్కన పెట్టి చూడండి. క్లిప్ బ్లేడు ఎక్కువగా అరిగితే దాని వాదర పైకి జరిగి, మొన సన్నబడి, మొత్తం బ్లేడు బాకులా కనిపిస్తుంది. మొన విరిగిన క్లిప్‌ను కొందరు వెన్ను వైపు నుంచి అరగదీసి షీప్స్‌ఫుట్‌లా మారుస్తారు. అప్పుడు గోటిగాడి వెన్నుకు మరీ దగ్గరగా, గాడి చివర తెగిపోయినట్టు కనిపిస్తుంది. పై ఆకారాలు చేత్తో గీసినవారికి ఇది ఒక్క చూపులో తెలుస్తుంది.

నా పొరపాటు ఇక్కడే జరిగింది. ఒక ఆదివారం సంతలో 1970ల నాటి ఎముక పిడి స్టాక్‌మన్ నాకు కనిపించింది. క్లిప్ బ్లేడు నిండుగా, అద్దంలా మెరుస్తోంది, స్ప్రింగు చప్పుడు కూడా గట్టిగా ఉంది. ఆ మెరుపుకు లొంగి, అమ్మే ఆయన చెప్పిన ధర ఇచ్చేశాను. ఇంటికి వచ్చి భూతద్దం కింద పెట్టాక, స్పే బ్లేడు అగ్గిపుల్లంత సన్నగా అరిగిపోయి ఉందని గమనించాను. రోజూ వాడే ప్రధాన బ్లేడు కొత్తగా ఉండి, ఎప్పుడో గాని వాడని బ్లేడు అంతగా అరిగిపోవడం జరగని పని. బోల్‌స్టరు మీద, బ్లేడు తిరిగే చీల తల కోసం చూశాను. మంచి పనిలో ఆ చీల బోల్‌స్టరులో కలిసిపోయి కంటికి కనిపించదు. ఇక్కడ మాత్రం చిన్న వలయంలా, చుట్టూ కొత్త గీతలతో కనిపించింది. ఎవరో చీల తీసి, వేరే బ్లేడు వేసి, మళ్లీ బిగించి, మొత్తాన్ని యంత్రం మీద మెరుగుపెట్టారు. ముద్ర అక్షరాల అంచులు కరిగిన మైనంలా మెత్తబడి ఉన్నాయి. అతిగా మెరిసే పాత చాకును చూస్తే జాగ్రత్తపడాలని, బోల్‌స్టరు మీద చీల తలనూ ముద్ర అక్షరాల పదునునూ చూడకుండా డబ్బు తీయకూడదని ఆ రోజు నేర్చుకున్నాను.

పిడి పదార్థం, చట్టం

జిగ్డ్ బోన్ అంటే పశువు కాలి ఎముక మీద యంత్రంతో గాట్లు పెట్టి, జింక కొమ్ము గరుకుదనాన్ని అనుకరించినది. ఇంట్లో ఎముక ఉండడం ఇష్టంలేని కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. అలాంటివారికి కొయ్య, ప్లాస్టిక్, మైకార్టా (గుడ్డ లేదా కాగితం పొరలను రెజిన్‌తో గట్టిపరిచినది) పిడులతో అదే నమూనాలు దొరుకుతాయి కాబట్టి సేకరణకు అది అడ్డు కాదు.

స్టాగ్ పిడుల, అంటే జింక కొమ్ము పిడుల సంగతి మనకు దగ్గరిది. షెఫీల్డ్, సోలింగెన్, బ్రాడ్‌ఫర్డ్ మూడు చోట్లా మేలైన కొమ్ముగా పేరుపడినది మన అడవుల సాంబర్ జింకది, మన వైపు కణుజు అంటారు. లోపల గుల్ల తక్కువగా ఉండి గట్టిగా ఉంటుందని దాన్ని ఏరి కోరి కొనేవారు. భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేయడంతో పాత స్టాగ్ చాకులకు గిరాకీ పెరిగింది. కాని భారతదేశంలో ఉండేవారు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని గుర్తుంచుకోవాలి. ఏనుగు దంతం, జింక కొమ్ము పిడులున్న చాకులను విదేశం నుంచి తెప్పించుకోవద్దు, ఇక్కడ అమ్మవద్దు, కొనవద్దు. వారసత్వంగా వచ్చినది ఉంటే అటవీ అధికారులను అడిగి తెలుసుకోండి.

బ్లేడు పొడవు విషయంలో మన ఆయుధ నియమాలు 9 అంగుళాలు మించిన పొడవు గాని, 2 అంగుళాలు మించిన వెడల్పు గాని ఉన్నవాటి గురించి మాట్లాడతాయి. జేబు చాకులు వాటికి చాలా దూరం. అయినా కొన్ని చోట్ల స్థానిక ఉత్తర్వులు వేరుగా ఉంటాయి, చాకును జేబులో వేసుకుని జనంలోకి వెళ్లడం వేరు, ఇంట్లో సేకరించడం వేరు. బ్రిటన్‌లో ఉన్న తెలుగువారు 3 అంగుళాల లోపు, తాళం లేని మడత చాకును మాత్రమే కారణం చూపకుండా వెంట ఉంచుకోగలరు. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి, కొన్నిచోట్ల నగరాన్ని బట్టి నియమం మారుతుంది. విమానంలో మాత్రం ఎక్కడైనా చెక్‌ఇన్ సామానులోనే పెట్టండి.

భద్రపరచడం

కార్బన్ ఉక్కు చాకుతో నిమ్మకాయ కోస్తే బ్లేడు నల్లబడుతుంది. మామిడికాయలు తరిగిన పాత ఇనుప కత్తిపీట రంగు తెలిసినవారికి ఇది కొత్త కాదు. బూడిద, నీలం, నలుపు రంగులు చాకుకు రక్షణ, వాటిని తోమి తీసేస్తే విలువ కూడా పోతుంది. ఎర్రగా పొడి రాలేది మాత్రం తుప్పు, దాన్ని ఆపాలి. దాని మీద నూనె చుక్క వేసి ఒకటి రెండు రోజులు ఉంచి, వెదురు పుల్లతో మెల్లగా గీకి, మెత్తటి గుడ్డతో తుడవండి. ఉప్పుకాగితం వాడవద్దు.

నూనెగా కుట్టుమిషను నూనె బాగుంటుంది. ఆహారం కోసే చాకైతే మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్ వాడండి. కొబ్బరినూనె, వంటనూనె వద్దు, కొన్ని నెలల్లో అవి బంకగా మారి కీలును పట్టేస్తాయి. కీలులో ఒక చుక్క వేసి పదిసార్లు తెరిచి మూస్తే లోపలి నల్లటి మురికి బయటికి వస్తుంది, దాన్ని తుడిచి మళ్లీ ఒక చుక్క వేయండి. ఎముక పిడిని వేడినీళ్లలో ముంచవద్దు.

తోలు సంచిలో చాకును నెలల తరబడి ఉంచడం పెద్ద తప్పు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, చర్మశుద్ధిలో వాడిన రసాయనాలు ఉక్కును తింటాయి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో గాలే చాలు తుప్పుకు, కాబట్టి బిగువైన డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వర్షాకాలంలో నెలకోసారి తెరిచి చూసుకోండి.

సెల్యులాయిడ్ పిడుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 20వ శతాబ్దం మొదటి సగంలో ముత్యంలా, తాబేటి చిప్పలా మెరిసే రంగురంగుల పిడులు ఈ ప్లాస్టిక్‌తో చేశారు. దీని తయారీలో కర్పూరం కలుస్తుంది, బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే తెలుస్తుంది. వయసు మీరినప్పుడు ఇది ఆమ్ల వాయువులు విడుస్తూ కుళ్లుతుంది, ఆ వాయువులు దాని బ్లేడునే కాక పెట్టెలో పక్కనున్న చాకులను కూడా తుప్పుపట్టిస్తాయి. సెల్యులాయిడ్ పిడి ఉన్నవాటిని విడిగా, గాలి ఆడే చోట పెట్టండి. కాల్చిన సూదితో పరీక్షించమని ఎవరైనా చెబితే వినవద్దు, అది చాలా తేలిగ్గా అంటుకునే పదార్థం.

సానపెట్టడం గురించి ఒక్క మాట. మింట్ చాకుకు ఎన్నడూ సాన తగలనీయకండి. వాడుకునే చాకును మెత్తటి సానరాయి మీద, ఒక్కో వైపు పదిహేను నుంచి ఇరవై డిగ్రీల కోణంలో, వెన్నును కాస్త ఎత్తి మెల్లగా లాగండి. వీధిలో సైకిలు మీద చక్రం తిప్పుతూ వచ్చే సానపట్టేవారి పనితనం కత్తిపీటలకూ కత్తెరలకూ చక్కగా సరిపోతుంది, కాని ఆ చక్రం జేబు చాకు పల్చటి బ్లేడును వేడెక్కించి, ఒక్క నిమిషంలో ఆకారాన్ని మార్చేస్తుంది. షీప్స్‌ఫుట్, వార్న్‌క్లిఫ్ బ్లేడులను రాయి మీద నేరుగా లాగాలి, చివర్లో మణికట్టు తిప్పితే ఆ తిన్నని వాదర గుండ్రమైపోతుంది.

ఒక పుస్తకం రాయండి

ప్రతి చాకుకూ ఒక పేజీ కేటాయించి నమూనా, ముద్ర, మూసినప్పటి పొడవు, ఒక్కో బ్లేడు ఆకారం, మొదలు దగ్గరా మధ్యలోనూ దాని వెడల్పు, పిడి పదార్థం, ఎప్పుడు ఎక్కడ ఎంతకు కొన్నారో రాయండి. బ్లేడును కాగితం మీద పెట్టి సన్నని పెన్సిలుతో చుట్టూ గీత గీయండి, ఫొటో కంటే అది నమ్మదగిన కొలత. వీలైతే అసలైన ఆకారాలను కళ్లారా చూసి రండి. బ్రాడ్‌ఫర్డ్‌లో జిప్పో, కేస్ ప్రదర్శనశాల ఉంది, 1993 నుంచి కేస్ కంపెనీ జిప్పో చేతిలో ఉంది. షెఫీల్డ్‌లో కెల్హమ్ ఐలాండ్ మ్యూజియంలో హాలీ సేకరణ, సోలింగెన్‌లోని గ్రాఫ్రాట్‌లో జర్మన్ కత్తుల మ్యూజియం ఉన్నాయి.

నా పుస్తకంలో నాలుగో పేజీ ఆ సంత స్టాక్‌మన్‌ది. దాన్ని అమ్మలేదు. 6318, ఏడు చుక్కలు, 1973 అని మొదట రాసి, తర్వాత ఏడు చుక్కలు కొట్టేసి ఇలా రాశాను: ముద్ర వేరే చాకు బ్లేడుది కావచ్చు. స్పే, మధ్యలో వెడల్పు 4 మిల్లీమీటర్లు. షీప్స్‌ఫుట్ అసలుది, గోటిగాడి చెక్కుచెదరలేదు. క్లిప్ తర్వాత వేసినది.